గ్లైడర్ రెక్కల్లో వాటర్ బ్యాలస్ట్: నీళ్లు కొలిచి నింపడం ఎలా?

ఇంజిన్ లేని గ్లైడర్ వేగంగా ఎగరడం కోసం రెక్కల్లో బరువుగా నింపే నీళ్లే వాటర్ బ్యాలస్ట్. రెండు రెక్కల్లోనూ 80 లీటర్ల చొప్పున పోశాం, అయినా ఒక కొన నేలకు వాలిపోతోంది. మీటరు 160 చూపించింది, గ్లైడర్‌ను కాటా ఎక్కిస్తే 7 కిలోలు ఎక్కువ తూగింది. టెయిల్ ట్యాంకులో ఎంత పోయాలో ప్రతిసారీ సందేహమే. పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నవి ఈ మూడే. మూడింటికీ మూలం ఒకటే: నీళ్లు నింపారు గానీ కొలవలేదు, లేదా కొలత ఎక్కడ మొదలైందో చూసుకోలేదు.

కింద ఉన్న అంకెలు కొన నుంచి కొనకు 15 మీటర్ల రెక్కలున్న ఒక ఊహాత్మక గ్లైడర్‌వి. లెక్క చేసే పద్ధతి తీసుకోండి, అంకెలు మాత్రం మీ గ్లైడర్ ఫ్లైట్ మాన్యువల్ నుంచి, తాజా తూకం పత్రం నుంచి తీసుకోండి. మాన్యువల్‌కూ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే మాన్యువల్ మాటే నెగ్గాలి.

1. ఎక్కడ ఎంత కచ్చితంగా కొలవాలి?

నీళ్లు కొలిచేది వేగం కోసం అనుకుంటారు చాలామంది. వేగానికి అంత కచ్చితత్వం అక్కర్లేదు. గ్లైడర్ వేగం బరువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 521 కిలోల గ్లైడర్‌లో 5 లీటర్లు తగ్గితే, గంటకు 150 కి.మీ. దగ్గర తేడా సుమారు 0.7 కి.మీ. మాత్రమే. గాలిలో అది మీకు తెలియను కూడా తెలియదు.

అదే 5 లీటర్లు ఒక రెక్కలో ఎక్కువైతే, ఐలరాన్‌లకు (రెక్కను ఎత్తి దించే కదిలే పలకలకు) ఇంకా పట్టు దొరకని టేకాఫ్ తొలి క్షణాల్లో ఆ రెక్క కిందికి లాగుతుంది. అదే 5 లీటర్లు టెయిల్‌లో ఎక్కువైతే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి, గ్లైడర్ సులభంగా స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడంలో) పడే స్థితికి రావచ్చు.

అందుకే కొలతలో పట్టుదల ఈ వరుసలో ఉండాలి:

- టెయిల్ ట్యాంక్: 0.2 లీటరుకు మించి తేడా ఉండకూడదు.
- ఎడమ, కుడి రెక్కల మధ్య తేడా: 1 లీటరు లోపు. 2 దాటితే సరిచేయాలి.
- మొత్తం బరువు: 3 లీటర్లు అటూ ఇటూ అయినా పరవాలేదు. కానీ గరిష్ఠ పరిమితికి ఎప్పుడూ కిందే ఉండాలి.

2. ఎన్ని లీటర్లు పోయవచ్చు?

ట్యాంకులో ఎంత పడుతుందన్నది తర్వాతి మాట. ముందు బరువు పరిమితి ఎంత మిగులుతుందో చూడాలి. నీళ్లకు 1 లీటరు అంటే 1 కిలో అనుకోవచ్చు. 20 డిగ్రీల దగ్గర 0.998, 40 డిగ్రీల దగ్గర 0.992 ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత సవరణ జోలికి పోనక్కర్లేదు.

- ఖాళీ గ్లైడర్, పరికరాలు, బ్యాటరీలతో: 265 కిలోలు
- దుస్తులు, బూట్లతో పైలట్: 80
- పారాచూట్: 7
- తాగునీరు, తిండి, ఇతర సామాను: 5
- మొత్తం: 357 కిలోలు
- గరిష్ఠ టేకాఫ్ బరువు: 525
- నీళ్లకు మిగిలింది: 168

టెయిల్ ట్యాంకుకు 4 తీసేస్తే 164. కొలతలో 2 శాతం పొరపాటు రావచ్చనుకుంటే దాదాపు 3 కిలోలు. కాబట్టి రెక్కల లక్ష్యం 160, అంటే రెక్కకు 80 లీటర్లు. గ్లైడర్ మొత్తం 521 కిలోలు తూగుతుంది.

పోటీలకు వెళ్లేవాళ్లు తరగతి పరిమితిని కూడా చూసుకోవాలి. ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) పోటీల్లో స్టాండర్డ్, 15 మీటర్ల తరగతులకు అది 525 కిలోలు, 18 మీటర్ల తరగతికి 600. మాన్యువల్ పరిమితి, పోటీ పరిమితి రెండింట్లో ఏది తక్కువైతే అదే మీది.

ఈ లెక్కలో తరచూ దొర్లే పొరపాట్లు రెండు. మొదటిది, ఖాళీ బరువుగా మాన్యువల్‌లో అచ్చయిన సగటు అంకెను వాడటం. మరమ్మతులు, కొత్త పరికరాలు, రంగు పూతల వల్ల మీ గ్లైడర్ అంతకంటే బరువుగా ఉండొచ్చు. తాజా తూకం పత్రమే ఆధారం. రెండోది, రెక్కలు కాని భాగాలకు వేరే బరువు పరిమితి ఉంటుందన్న సంగతి మరచిపోవడం. ఫ్యూజలాజ్ (గ్లైడర్ మొండెం), పైలట్, సామాను, టెయిల్ నీళ్లు అన్నీ దాని కిందికే వస్తాయి. రెక్కల్లో నీళ్లు తగ్గించినంత మాత్రాన ఆ పరిమితి సడలదు.

3. టెయిల్ ట్యాంక్ లెక్క

రెక్క ట్యాంకులు సాధారణంగా స్పార్‌కు (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలానికి) ముందు భాగంలో ఉంటాయి. అందులో నీళ్లు చేరితే గురుత్వ కేంద్రం కొద్దిగా ముందుకు జరుగుతుంది. దాన్ని తిరిగి వెనక్కి తేవడానికే తోకలో చిన్న ట్యాంకు. చాలా మాన్యువల్స్‌లో రెక్క నీళ్లకు తగ్గ టెయిల్ నీళ్ల పట్టిక ఉంటుంది. ఉంటే అదే వాడండి. ఆ పట్టిక ఎలా వచ్చిందో తెలిస్తే మాత్రం పొరపాటు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

కొలతలన్నీ రెక్క మొదలు ముందంచు నుంచి వెనక్కి అనుకుందాం. గ్లైడర్ గురుత్వ కేంద్రం 0.33 మీటర్ల దగ్గర ఉంది. రెక్క నీళ్ల కేంద్రం 0.23 దగ్గర, టెయిల్ ట్యాంక్ 4.23 దగ్గర.

రెక్క నీళ్లు: 160 × 0.10 = 16 కిలో-మీటర్లు ముందుకు.
టెయిల్‌లో ప్రతి లీటరు: 1 × 3.90 = 3.9 కిలో-మీటర్లు వెనక్కి.
కావాల్సింది: 16 ÷ 3.9 = 4.1 లీటర్లు.

అంటే ఈ గ్లైడర్‌లో టెయిల్‌లోని 1 లీటరు, రెక్కల్లోని 39 లీటర్లతో సమానం. అందుకే టెయిల్ నీళ్లను ఎప్పుడూ కిందికే సవరించండి: 4.1 వస్తే 4.0 పోయండి, 4.5 కాదు. కేంద్రం కాస్త ముందుకు ఉంటే రవ్వంత పనితీరు పోతుంది, అంతే. వెనక హద్దు దాటితే నియంత్రణే పోతుంది.

ఇంకొకటి కూడా వేసి చూడండి. రెక్కల నీళ్లు పోయి, టెయిల్ నీళ్లు ఇరుక్కుపోతే ఏమిటి పరిస్థితి? గ్లైడర్ బరువు 361 కిలోలు, వెనక్కి లాగే బలం 4 × 3.9 = 15.6. కేంద్రం 43 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. తేలికైన పైలట్‌కు అది వెనక హద్దును దాటించవచ్చు. మీ బరువుతో ఈ లెక్క వేసి, ఫలితం హద్దు బయట పడితే ఆ రోజు టెయిల్ ట్యాంక్ వాడకండి.

4. దేనితో కొలవాలి?

4.1 గుర్తులు పెట్టిన డ్రమ్ము

సొంత పద్ధతి ఏర్పాటు చేసుకునే వీలుంటే మా ఓటు దీనికే. బ్యాటరీ అక్కర్లేదు, గాలి బుడగలు మోసం చేయవు, పోసింది కంటికి కనిపిస్తుంది.

పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. లోపలి వ్యాసం 36 సెం.మీ. అయితే 1 సెం.మీ. ఎత్తు దాదాపు 1 లీటరు అవుతుంది. వ్యాసం 50 సెం.మీ. అయితే 1 సెం.మీ.కు దాదాపు 2 లీటర్లు, అంటే చూపులో పొరపాటు కూడా రెట్టింపు. కాబట్టి సన్నగా, ఎత్తుగా ఉన్న డ్రమ్మే మేలు. అడుగున కుళాయి బిగించి, పక్కన పారదర్శక గొట్టం నిలబెట్టండి. డ్రమ్మును కాటా మీద పెట్టి 10 కిలోల చొప్పున నీళ్లు పోస్తూ గొట్టం పక్కన చెరగని గుర్తులు పెట్టండి. స్కేలుతో కొలిచి గుర్తులు గీయకండి, డ్రమ్ము అడుగు ఉబ్బెత్తుగా ఉంటే మొదటి గుర్తు నుంచే తప్పు మొదలవుతుంది.

డ్రమ్ము కింద స్టాండ్ ఒరిగితే గొట్టంలో మట్టం తప్పుగా కనిపిస్తుంది. గుర్తులు పెట్టేటప్పుడు, వాడేటప్పుడు స్టాండ్ సమతలంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూడండి.

4.2 క్యాన్లు

రెక్కకు 4 క్యాన్లు, 20 లీటర్లవి. పని ఎక్కువ, పొరపాటు తక్కువ. కాకపోతే 20 లీటర్ల క్యాన్ మూతి దాకా నింపితే 20 కంటే ఎక్కువే పడుతుంది. ఖాళీ క్యాన్ తూచి, 20 కిలోల నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీయండి. ప్రతి క్యాన్‌కూ విడిగా చేయాలి, ఒకేలా కనిపించేవి ఒకేలా ఉండవు.

లెక్క తప్పడానికి అసలు కారణం మాత్రం మనుషులే. ఎవరో పలకరిస్తారు, మూడోదా నాలుగోదా గుర్తుండదు. నింపిన క్యాన్లన్నీ ముందే రెండు వరుసల్లో పెట్టండి: ఎడమ రెక్కవి ఎడమవైపు, కుడివి కుడివైపు. ఖాళీ అయినదాన్ని పడుకోబెట్టండి. నిలబడి ఉన్నవి ఎన్నో అదే ఇంకా పోయాల్సింది.

4.3 ఫ్లో మీటరు

త్వరగా అయిపోతుంది. అందుకే అందరూ వాడతారు, అందుకే ఎక్కువ పొరపాట్లూ ఇక్కడే. చిన్న టర్బైన్ మీటరును సరిచూడకుండా ఎప్పుడూ నమ్మకండి.

సరిచూసే విధానం:

1. నింపేటప్పుడు వాడే పైపు, అదే కుళాయి, అదే ధార వేగం పెట్టండి. మీటరు తప్పు ధారను బట్టి మారుతుంది, సన్నటి ధారకు టర్బైన్ తక్కువ చూపిస్తుంది.
2. కాటా మీద పెట్టిన పాత్రలోకి సరిగ్గా 20 కిలోల నీళ్లు పట్టండి. మీటరు అంకె రాయండి.
3. మూడుసార్లు చేయండి. మూడూ 0.3 లీటరు కంటే ఎక్కువ తేడాతో వస్తే మీటరు లోపల చెత్త ఉంది, లేదా గాలి వస్తోంది.
4. సగటు 19.2 వచ్చిందనుకోండి. 80 లీటర్లు కావాలంటే మీటరు మీద 80 × 19.2 ÷ 20 = 76.8 వచ్చేదాకా పోయాలి. ఆ అంకెను మీటరు మీదే అతికించండి.

పైపులో మిగిలే నీళ్ల సంగతి చాలామందికి తట్టదు. లోపలి వ్యాసం 19 మి.మీ. ఉన్న పైపులో మీటరు పొడవుకు దాదాపు 0.28 లీటరు ఉంటుంది. 10 మీటర్ల పైపులో 2.8 లీటర్లు. మీటరు కుళాయి దగ్గర ఉండి, పైపు ఖాళీగా మొదలుపెడితే, మొదటి 2.8 లీటర్లు లెక్కలోకి వస్తాయి గానీ రెక్కలోకి రావు. రెండో రెక్కకు పైపు నిండే ఉంటుంది. చూస్తుండగానే తేడా 2.8 లీటర్లు! మొదటి పేరాలోని వాలిన రెక్కకు చాలాసార్లు కారణం ఇదే. మీటరును రెక్క వైపు కొనలో బిగించండి. అది కుదరకపోతే పైపును ముందే నింపి, చివర కుళాయి కట్టి, అప్పుడు మీటరును సున్నాకు తెండి.

గాలి బుడగలు మీటరు గుండా పోతే నీళ్లలాగే లెక్కపడతాయి, అంకె ఎక్కువ చూపిస్తుంది. పంపు డ్రమ్ము అడుగు నీళ్లు పీల్చేటప్పుడు సుడి తిరిగి గాలి వస్తుంది. డ్రమ్మును చివరి చుక్క దాకా ఖాళీ చేయకండి.

4.4 నిండా నింపి, కొంత వదలడం

ట్యాంకు సామర్థ్యం కచ్చితంగా తెలిసి, మీ లక్ష్యం దానికి దగ్గరలో ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. రెండూ పొంగేదాకా నింపి, డంప్ వాల్వ్ (నీళ్లు బయటికి వదిలే వాల్వ్) కింద కొలపాత్ర పెట్టి అటూ ఇటూ సమానంగా వదలాలి. మాన్యువల్‌లోని సామర్థ్యాన్ని ఒక్కసారైనా సొంతంగా కొలిచి చూసుకోండి, ఎడమ, కుడి ట్యాంకులు అచ్చంగా ఒకటి కాకపోవచ్చు. సంచిలాంటి బ్యాగ్ ట్యాంకులు మడతపడితే ఇంకా తక్కువ పడుతుంది.

సమయం చూసి నింపడం, అంటే ఇన్ని నిమిషాలకు ఇన్ని లీటర్లని అనుకోవడం, ఒక కొలతగా లెక్కలోకి రాదు. పక్కన ఇంకొకరు కుళాయి తిప్పితే మీ ధార మారిపోతుంది.

4.5 గ్లైడర్‌నే తూచడం

మొత్తం బరువుకు ఇదే తుది మాట. ప్రధాన చక్రం కింద ఒక కాటా, తోక చక్రం కింద ఒకటి, రెక్కలు సమంగా, పైలట్ కాక్‌పిట్‌లో. గాలి వీస్తుంటే రెక్కలు లిఫ్ట్ ఇచ్చి అంకె ఊగిపోతుంది, హ్యాంగర్ లోపల తూచండి. సీజన్‌లో ఒకసారి ఇలా తూచి, మీ మీటరు లేదా డ్రమ్ము చెప్పినదానితో పోల్చి రాసిపెట్టుకోండి. ఎడమ, కుడి తేడాను మాత్రం ఈ తూకం పట్టుకోలేదు.

5. నింపే ముందు

ముందు ట్యాంకు నిజంగా ఖాళీ కావాలి. నిన్నటి ఎగురుడులో డంప్ చేసినా లీటరో రెండో అడుగున నిలిచి ఉండొచ్చు. రెండు డంప్ వాల్వులు, టెయిల్ వాల్వ్ తెరిచి, ఒక కొన ఎత్తి కాసేపు ఉంచండి, తర్వాత రెండోది. చుక్క పడటం ఆగాకే మూయండి.

తర్వాత ఈ జాబితా:

- కాక్‌పిట్ లీవర్ తెరిస్తే రెండు రెక్కల వాల్వులూ ఒకేసారి, ఒకే మేరకు తెరుచుకుంటున్నాయా?
- టెయిల్ వాల్వ్ లీవర్‌తో కలిసి ఉంటే అదీ తెరుచుకుంటోందా? ఒకరు లోపల కూర్చుని, ఒకరు బయట చూడాలి.
- వాల్వ్ రబ్బరు మీద ఇసుక, గడ్డి ముక్క ఉందా? ఓ-రింగ్ పగిలిందా?
- వెంట్ రంధ్రాలు (ట్యాంకులోకి గాలి వచ్చిపోయే దారులు) తెరిచి ఉన్నాయా? పురుగులు, మైనపు పాలిష్, టేపు అడ్డులేవా? నోటితో మెల్లగా ఊది చూడండి.
- నీళ్లు శుభ్రంగా ఉన్నాయా? సన్నటి జల్లెడ లేదా గుడ్డ గుండా పోయండి. ఉప్పునీళ్లు వద్దు.
- రెక్క కింద పెట్టే స్టాండ్లు రెండు, నిండు రెక్క బరువుకు సరిపోయేవి ఉన్నాయా?

వాల్వుకు గ్రీజు వేయాలంటే మాన్యువల్ చెప్పినదే వేయండి. సిలికాన్ గ్రీజు రెక్కకు అంటితే, రేపు జెల్‌కోట్ (రెక్క పైపూత) మరమ్మతు చేసేటప్పుడు పూత పట్టదు.

6. ఒత్తిడి: రెక్క పగిలేది ఇక్కడే

ఈ గైడ్‌లో మిగతాదంతా చదవకపోయినా ఈ భాగం చదవండి.

1 మీటరు ఎత్తు నీళ్లు దాదాపు 0.1 బార్ ఒత్తిడి ఇస్తాయి. చిన్నదిలా అనిపిస్తుంది. కానీ రెక్క పైచర్మం మీద అది చదరపు మీటరుకు సుమారు 1 టన్ను. 3 బార్ల కుళాయి పైపును ట్యాంకు మూతికి బిగించి, వెంట్ మూసుకుపోతే చదరపు మీటరుకు 30 టన్నులు. రెక్క చర్మం స్పార్ నుంచి ఊడిపోవడానికి అందులో కొంచెం చాలు. పైగా నష్టం లోపల జరుగుతుంది, బయటికి కనిపించకపోవచ్చు.

- కుళాయి పైపును ట్యాంకుకు నేరుగా, బిగుతుగా ఎప్పుడూ కలపకండి.
- పైనుంచి నింపేటప్పుడు పైపు మూతిలో వదులుగా ఉండాలి. ట్యాంకు నిండగానే నీళ్లు పక్కనుంచి పొంగాలి.
- కింద వాల్వ్ గుండా బిగించి నింపే పద్ధతైతే డ్రమ్ములోంచి గురుత్వంతోనే నింపండి. మాన్యువల్ ఎత్తు చెప్పకపోతే డ్రమ్ములో నీటి మట్టం రెక్క పైభాగం కంటే 1 మీటరుకు మించకూడదు.
- 12 వోల్టుల చిన్న పంపు కూడా మూసిన ట్యాంకును దెబ్బతీయగలదు. దాని పైపూ వదులుగానే పెట్టండి.
- ధార నిమిషానికి 10 లీటర్లు ఉంటే 80 లీటర్లకు 8 నిమిషాలు. అంతకంటే తొందర పడాల్సిన అవసరం లేదు.

7. నింపే క్రమం

1. గ్లైడర్‌ను చదును నేలపై నిలిపి, రెండు రెక్కల కింద స్టాండ్లు పెట్టి సమం చేయండి. వెంట్ కొన దగ్గర ఉంటే కొన కిందికి వాలి ఉండకూడదు, గాలి పోకముందే నీళ్లు వెంట్ గుండా కారిపోతాయి.

2. లీవర్ మూసి, వాల్వులు కూర్చున్నాయో లేదో కింద చూడండి. ఒక్కో రెక్కలో 2 లీటర్లు పోసి 2 నిమిషాలు ఆగండి. చుక్క కారితే ఇప్పుడే తెలియాలి, 80 లీటర్లు పోశాక కాదు.

3. మొదటి రెక్కలో సగం, అంటే మొత్తం 40 లీటర్లు అయ్యేదాకా పోయండి. ముందు పోసిన 2 లీటర్లు ఇందులోనివే.

4. రెండో రెక్కలో 40. స్టాండ్లు ఇప్పుడు మళ్లీ సరిచేయండి, టైరు, నేల కాస్త కుంగి ఉంటాయి. ఒక రెక్కను పూర్తిగా నింపి రెండోది ఖాళీగా ఉంచితే ఒక స్టాండ్ మీద భారమంతా పడుతుంది, అందుకే ఈ సగాల పద్ధతి.

5. మిగిలిన 40 చొప్పున పోయండి. ప్రతి విడత తర్వాత కాగితం మీద రాయండి: రెక్క, మీటరు అంకె, సరిచూసిన లీటర్లు.

6. మూతలు బిగించండి. మూత చుట్టూ తుడిచి 5 నిమిషాల తర్వాత వేలితో తడి చూడండి.

7. టెయిల్ ట్యాంక్ చివర్లో నింపండి. దానికి మీటరు వాడొద్దు, 4 లీటర్లకు మీటరు పనికిరాదు. 1 లీటరు గుర్తులున్న సీసాతో, గరాటు పెట్టి పోయండి. కొన్ని గ్లైడర్లలో లీటరు లీటరుకూ పక్కన చిన్న రంధ్రాలుంటాయి, కావాల్సిన మట్టం దగ్గరున్న రంధ్రాన్ని తెరిచి, కిందివి టేపుతో మూస్తారు. ఆ ఏర్పాటుంటే నీళ్లు ఆ రంధ్రం నుంచి కారడమే మీకు సాక్ష్యం. టెయిల్‌లో ఎంత పోశారో కాక్‌పిట్‌లో పైలట్‌కు కనిపించేలా రాసి పెట్టండి.

8. రెక్కలు సమానంగా ఉన్నాయా?

స్టాండ్లు తీసి వదిలితే గ్లైడర్ సమంగా నిలబడింది, కాబట్టి రెండు వైపులా నీళ్లు సమానం అనుకోవడం సరికాదు. టైరు నేలను తాకే పట్టీకి వెడల్పు ఉంటుంది. ఆ పట్టీ 6 సెం.మీ. అనుకుంటే, 500 కిలోల గ్లైడర్ అటూ ఇటూ 500 × 0.03 = 15 కిలో-మీటర్ల తేడాను మింగేసి నిలబడగలదు. నీళ్ల కేంద్రం మధ్య నుంచి 2.5 మీటర్ల దూరంలో ఉంటే అది 6 లీటర్ల తేడా!

సరైన పరీక్షకు సామాను తూచే చిన్న స్ప్రింగ్ కాటా, వెడల్పాటి మెత్తటి పట్టీ చాలు.

1. రెక్కలు సమంగా ఉన్నప్పుడు ఎడమ కొన కింద పట్టీ వేసి, కాటాతో పైకి లాగండి. కొన కదలడం మొదలైన క్షణంలో అంకె చూడండి.
2. కుడి కొన దగ్గర కూడా అంతే దూరంలో అదే చేయండి.
3. కొన మధ్య నుంచి 7.5 మీటర్లు, నీళ్ల కేంద్రం 2.5 మీటర్లు అయితే: రెండు అంకెల మధ్య తేడాను 1.5తో గుణిస్తే లీటర్ల తేడా వస్తుంది. ఎడమ 3.4, కుడి 2.0 వస్తే ఎడమ రెక్కలో సుమారు 2 లీటర్లు ఎక్కువ.

ఈ పరీక్షను ఖాళీ గ్లైడర్ మీద ఒకసారి చేసి అంకెలు రాసిపెట్టుకోండి. రెక్కల సొంత బరువులే వేరుగా ఉండొచ్చు. ట్యాంకు సగమే నిండి ఉంటే కొన ఎత్తగానే నీళ్లు జరుగుతాయి, అంకె చెడుతుంది. కాబట్టి రవ్వంత కదిలించి, వెంటనే చదవండి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు రెక్క మొదలు వైపే చేరతాయి కనుక 2.5 మీటర్ల అంకె కూడా తగ్గుతుంది.

ఎక్కువున్న రెక్కలోంచి తీయడం, తక్కువున్నదాంట్లో పోయడం రెండింట్లో తీయడమే మంచిది. మొత్తం పరిమితి దాటదు.

9. ఏది ఎందుకు తప్పుతుంది?

సమంగా నింపాం, పది నిమిషాల్లో ఒక రెక్క వాలింది. ముందు డంప్ వాల్వ్ కింద తడి చూడండి. పొడిగా ఉంటే, రెండు ట్యాంకులను కలిపే పైపు ఉన్న గ్లైడరేమో చూడండి. పైరెక్క నీళ్లు కిందిరెక్కకు పోతాయి. విడి ట్యాంకులే అయినా, సగం నిండినప్పుడు రెక్క వాలితే లోపలి నీళ్లు కొన వైపు పారి ఇంకా బరువుగా లాగుతాయి. సమం చేసి రెండు మూడు నిమిషాలు ఉంచితే తిరిగి సర్దుకోవాలి.

వెంట్ నుంచి కారుతోందని టేపు వేశాం. వెంటనే తీసేయండి. గాలిలో డంప్ చేసినప్పుడు లోపలికి గాలి రాకపోతే ధార ఆగిపోతుంది, ట్యాంకులో శూన్యం ఏర్పడి రెక్క చర్మాన్ని లోపలికి పీలుస్తుంది. కారడానికి మందు రెక్కను సమంగా ఉంచడమే.

మాన్యువల్ చెప్పినంత పట్టడం లేదు. గాలి చిక్కుకుంది. ఆ కొనను కొద్దిగా ఎత్తి, ధార తగ్గించి నింపండి. బ్యాగ్ ట్యాంకైతే మడత పడి ఉండొచ్చు.

వాల్వ్ చుక్క చుక్కగా కారుతోంది. రెండు మూడుసార్లు టపటపా తెరిచి మూయండి, ఇసుక రేణువు కొట్టుకుపోవచ్చు. పోయిన నీళ్లను అంచనా వేయకండి, కింద గిన్నె పెట్టి పట్టి అంతే తిరిగి పోయండి. నిమిషానికి 20 మి.లీ. కారుతున్నా గంటకు 1.2 లీటర్లు. టేకాఫ్ వరుసలో గంట నిలబడితే మీరు పెట్టుకున్న తేడా హద్దు దాటిపోయినట్టే.

రెక్కంతా చెమట పట్టింది. చల్లటి నీళ్లు, తేమగాలి. కారుడు అనుకుని కంగారు పడకండి, తుడిచి చూడండి. మళ్లీ ట్యాంకు ఉన్నంతమేరా సమంగా పడితే అది తేమే. టేకాఫ్‌కు ముందు తుడవాలి.

10. గడ్డకట్టే ప్రమాదం

థర్మల్స్ (పైకి లేచే వేడిగాలి) ఉన్న పొడి రోజున ప్రతి 100 మీటర్లకు దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది. నేల మీద 26 డిగ్రీలుంటే సుమారు 2,600 మీటర్ల పైన 0 డిగ్రీలు. రెక్కలోని పెద్ద నీటి రాశి గడ్డకట్టడానికి సమయం పడుతుంది. టెయిల్‌లోని 4 లీటర్లు, సన్నటి వాల్వ్ చాలా ముందే గడ్డకడతాయి. ఆపై రెక్కలు ఖాళీ అయి టెయిల్ మిగిలితే ఏమవుతుందో 3వ భాగంలో చూశాం.

ఆ ఎత్తుల్లో ఎక్కువసేపు ఉండే ప్రణాళిక ఉంటే టెయిల్ నీళ్లు మానేయండి. మాన్యువల్ అనుమతిస్తేనే యాంటీఫ్రీజ్ కలపండి, గ్లైకాల్ మిశ్రమం నీళ్లకంటే బరువైనది కనుక దాన్ని లీటర్లలో కాక తూచి పోయండి.

11. టేకాఫ్ వరుసలో

- రెక్కలు స్టాండ్ల మీద సమంగా ఉన్నాయి.
- వాల్వులు, మూతలు, టెయిల్ పొడిగా ఉన్నాయి. వెంట్లు తెరిచి ఉన్నాయి.
- లీవర్ మూసిన స్థితిలో లాక్ అయింది.
- గ్లైడర్‌ను లాగే విమానం నడిపే టో పైలట్‌కు నీళ్లున్న సంగతి, కావాల్సిన టో వేగం చెప్పారు.
- రెక్క పట్టుకునేవారికి ఏ వైపైనా బరువు తెలుస్తోందా అని అడిగారు. తెలుస్తోందంటే ఆగి కొలవండి.
- స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్కలు గ్లైడర్‌ను మోయలేవు) కొత్త అంకె మనసులో ఉంది. 357 కిలోలకు గంటకు 72 కి.మీ. అయితే, 521 కిలోలకు 87.

12. డంప్, ఆ తర్వాత

మాన్యువల్‌లో ఖాళీ అయ్యే సమయం ఉంటుంది. దానికి రెట్టింపు సమయం ల్యాండింగ్‌కు ముందు ఉంచుకోండి. కింద వేరే గ్లైడర్ లేదని చూసి తెరవండి. రెండు వైపులా సమానంగా ధార పడుతోందా, గ్లైడర్ ఒకవైపు ఒరగబోతోందా గమనించండి. ఒకవైపే ఖాళీ అవుతుంటే ఆలస్యం చేయకుండా వాల్వ్ మూయండి. మాన్యువల్ చెప్పిన విధంగా వేగం పెంచి దిగండి, నేల మీద పరుగులో బరువైన రెక్కను వీలైనంతసేపు పైకి పట్టుకోండి.

దిగాక వాల్వులన్నీ తెరిచి, కొనలు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, మిగిలిన నీళ్లను గిన్నెలో పట్టండి. రెక్కకు ఎంత మిగిలిందో రాయండి. ఒక రెక్కలో ఎప్పుడూ ఎక్కువ మిగులుతుంటే అటు వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా వెంట్ మూసుకుపోతోంది. రాత్రికి మూతలు తీసి, వాల్వులు తెరిచి, లోపల ఆరేదాకా అలాగే వదిలేయండి.